వ్యానులో జాగా లేదు

చిక్కసూగూరు దాటాక రోడ్డు పక్కనున్న వృద్ధాశ్రమంలో ఎవరికైనా ఊపిరి అందకపోతే డాక్టరు కన్నా ముందు వ్యాను వస్తుంది. ఎందుకంటే అది అద్దె ఇల్లు. చెడ్డ నక్షత్రంలో ప్రాణం పోతే ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టాలి కదా! అందుకని ఓనరు ముందే షరతు పెట్టాడు, తన ఇంట్లోంచి శవం లేవకూడదని. మేనేజరు జయతీర్థ సరేనన్నాడు. ముసలివాళ్ల కోసం ఇల్లు తీసుకుని, అందులో ఎవరూ చావరని మాటిచ్చిన మహానుభావుడు! చేపలు పెంచుతాను గానీ నీళ్లు పోయను అన్నట్టుంది ఆయన వ్యవహారం.

గిరిజమ్మకు ఈ సంగతి తలచుకుంటేనే ఒళ్లు మండుతుంది. పోయిన వానాకాలం పక్క మంచం మహాదేవమ్మను ఇలాగే వ్యాన్లో పడేసి రాయచూరు ఆస్పత్రికి తోలారు. తోడుగా గిరిజమ్మ వెళ్లింది. కరెంటు ప్లాంటుకు బొగ్గు మోసే గూడ్సు కోసం దారిలో రైలు గేటు పడింది. డబ్బా వెనక డబ్బా, ఎంతకీ తెగదు. నీళ్లు, నీళ్లు అంటూ మహాదేవమ్మ ఆ గేటు దగ్గరే కన్నుమూసింది. వ్యాన్లో తాగడానికి చుక్క నీళ్లు లేవు. కుక్కకైనా ఇలాంటి చావు రాకూడదు.

ఇప్పుడు యంకవ్వ వంతు. కడుపులో కంతి. మొన్న చూడవచ్చిన డాక్టరు రశ్మి, జయతీర్థను నిలబెట్టి మరీ విడమరిచి చెప్పింది. ఆస్పత్రిలో చేసేదేమీ లేదు, ఇక్కడే ఉంచండి, నొప్పి మందు వేళకు పొయ్యండి, నోరు తడుపుతూ ఉండండి, పక్కన ఎవరో ఒకరు ఉండండి అని. జయతీర్థ బుద్ధిమంతుడిలా తలూపాడు. ఆమె కారెక్కగానే మందు సీసాను బీరువాలో పెట్టి తాళం వేశాడు. పోయే ప్రాణానికి అంత ఖరీదు మందెందుకట!

యంకవ్వ అడిగింది ఒక్కటే. "అక్కా, నన్ను గేటుకాడికి పంపియ్యకు. నా మంచంలనే పోత."

గిరిజమ్మ ఆమె చేతిలో చెయ్యి వేసింది.

ఆ మధ్యాహ్నం యంకవ్వకు ఎగశ్వాస మొదలైంది. అన్నం తిన్న కంచాలు ఇంకా ఎత్తనేలేదు, వాకిట్లో వ్యాను హారను మోగింది. డ్రైవరు బసవప్ప స్ట్రెచరు దించాడు, జయతీర్థ ముందు నడిచాడు. గిరిజమ్మ తలుపుకు అడ్డంగా నిలబడింది.

"ఏంది సారూ, డాక్టరమ్మ ఏం చెప్పిపాయె, నువ్వేం జేస్తున్నవ్?"

"అమ్మా, ఇయ్యాల నక్షత్రం మంచిగ లేదు. ఇల్లు మూసేస్తే మీరంత యాడికి పోతరు? మీ మంచికే చెప్తున్న."

"మా మంచికా? నీ నోట్ల మన్నువడ! నొప్పికి మెలికలు తిరుగుతుంటె మందు దాసిపెట్టినవ్, అది గూడ మా మంచికేనా?" గిరిజమ్మ గొంతు పెంచింది. "అసలు గీ ఇంట్ల సావనోళ్లు ఎవలున్నరు? నేను సావనా? తిప్పన్న సావడా? అందర్ని ఎక్కించు మరి!"

అంటూనే చెంగు దోపుకుని విసవిసా నడిచి వెళ్లి వ్యాన్లో కూర్చుంది.

అరుగు మీద బీడీ కాల్చుకుంటున్న తిప్పన్న ఒకప్పుడు జిన్నింగు మిల్లులో యూనియను నడిపినవాడు. బీడీ నలిపేసి కర్ర అందుకున్నాడు. "జరుగు గిరిజక్కా. నేను గూడ సచ్చేటోన్నే, నాకింత జాగ ఇయ్యి." ఆయన వెనక జయాబాయి తన ఆకువక్కల సంచీతో సహా ఎక్కింది. ఆమె వెనక మిగతావాళ్లూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఎక్కారు. వ్యాను కిక్కిరిసింది.

"జాగా ఇల్లరీ సార," అన్నాడు బసవప్ప కన్నడంలో, జాగా లేదంటూ స్ట్రెచరు గోడకు ఆనించి. అతని మీసాల కింద నవ్వు ఆగలేదు.

"దిగుండ్రి! తమాషా చేస్తున్నరా?" జయతీర్థ మొహం కందగడ్డ అయింది.

"బీరువ తాళంచెయ్యి ఇయ్యి, నేను దిగుత."

వాకిట్లో రోడ్డున పోయేవాళ్లు పోగవుతున్నారు. జయతీర్థ తాళంచెవి విసిరేశాడు. గిరిజమ్మ ఒక్కతే దిగింది. తక్కినవాళ్లు కూర్చున్నచోటి నుంచి కదలలేదు.

డాక్టరమ్మ చెప్పినట్టే మందు పోసింది. తడిగుడ్డతో పెదవులు అద్దింది. కిటికీలోంచి వచ్చి దుప్పటి మీద పడ్డ ప్లాంటు బూడిద దులిపింది. కాసేపటికి యంకవ్వ నొసటి ముడి విడింది. "గేటు పడ్డదా అక్కా?" అంది సన్నగా.

"లేదే పిచ్చిదానా. నీ మంచంలనే ఉన్నవ్."

దీపాల వేళకు ముందే, గిరిజమ్మ చేతిలో చెయ్యి ఉండగానే యంకవ్వ పోయింది. గిరిజమ్మ భోరున ఏడ్చింది. మహాదేవమ్మ కోసం ఏడవాల్సింది కూడా అప్పుడే ఏడ్చింది.

జయతీర్థ పంచాంగం తిరగేసి తల పట్టుకున్నాడు. "అనుకున్నంతా అయింది. ఆరు నెల్లు ఇల్లు మూసి తాళం ఎయ్యాల."

వ్యాను దిగి ఒక్కొక్కరే లోపలికి వచ్చి ఎవరి మంచం మీద వాళ్లు కూర్చుంటున్నారు. గిరిజమ్మ కళ్లు తుడుచుకుని లేచింది.

"ఏసుకో సారూ, పెద్ద తాళమే ఏసుకో. మేం లోపట్నే ఉంటం."