ఏసీకి పండగ చపాన్

తెర్మెజ్ ఊళ్లో ఎండలు ముదిరితే కోళ్లు కూడా గొంతెత్తడం మానేస్తాయి. తోష్‌మురాద్ తాత మాత్రం ఆ ఎండలోనూ దూది పెట్టి కుట్టిన పొడవాటి చపాన్ తొడుక్కుని, నడుముకు రుమాలు బిగించి, ద్రాక్షపందిరి కింద కూర్చుని పొగలు కక్కే పచ్చ టీ తాగుతాడు. ఇంత వేడిలో కోటేమిటని ఎవరైనా అడిగితే ఆయనకు వాళ్లమీద జాలేస్తుంది. ఒంట్లోని వెచ్చదనాన్ని బయటికి పోనివ్వని కోటు, బయటి వేడిని మాత్రం లోపలికెందుకు రానిస్తుంది? వాళ్ల నాన్నా ఇలాగే బతికాడు, తాతా ఇలాగే బతికాడు. అందులో వాదించడానికేముంది!

అలాంటి మనిషి ఇంటికి కొడుకు ఎర్గష్ కిందటేడు ఏసీ తెచ్చి బిగించాడు. కోడలు మౌలూదా బైసూన్ కొండల్లో చల్లగా పెరిగిన పిల్ల, ఇక్కడి వేడికి తట్టుకోలేదు. తాత ఆ పెట్టెకు వచ్చిన రోజునే పేరు పెట్టేశాడు, తుమ్ముల పెట్టె అని. దాని గాలి తగిలితే మెడలు పట్టేస్తాయని, మూతులు వంకరపోతాయని, వీధిలో దొరికినవాడికల్లా చెప్పుకొచ్చాడు.

అయితే ఒక సాయంత్రం కోడలు తల్లితో ఫోనులో మాట్లాడుతుంటే ఆయన చెవిన ఒక మాట పడింది. ఆమెకు నెలలు నిండాయి. పురిటికి కొండకు వచ్చెయ్యమని తల్లి పోరు పెడుతోంది. "ఏసీ ఉందిలే అమ్మా. అది తిరుగుతున్నన్నాళ్లూ ఇక్కడే ఉంటాను," అంది మౌలూదా.

తాత టీ గిన్నె కింద పెట్టేశాడు. ఆమె కొండకు వెళ్లిందంటే, బిడ్డకు నలభై రోజులు దాటేదాకా వాళ్లు కిందికి పంపరు. ఆసుపత్రి నుంచి బిడ్డ తిన్నగా తన గుమ్మంలోకి రావాలని, ఇంట్లో మొదటి ఏడుపు తానే వినాలని ఆయన ఎన్నాళ్లనుంచో ఆశపడుతున్నాడు. ఊయలతొట్టికి రంగు కూడా వేయించి పెట్టాడు.

లేచి, కోళ్లదొడ్డి దాటి పెరటిగోడ దగ్గరికి వెళ్లాడు. ఏసీ తాలూకు బయటిపెట్టె ఎండకు ఎదురుగా నిలబడి రొప్పుతోంది. పాపం, ఒక్క నీడ లేదు, ఒక్క గుడ్డ లేదు! ఆయన గబగబా వెళ్లి పెద్దపెట్టెలోంచి పండగలకు మాత్రమే తీసే చారల పట్టు చపాన్ తెచ్చి దానికి కప్పి, పైన రుమాలు కట్టాడు. రోజూ వేసుకునే పాతది కప్పడానికి మనసొప్పలేదు.

మర్నాడు పొద్దున్నే ఏసీ ఆగిపోయింది.

ఎర్గష్ రిమోట్ అందుకున్నాడు. అది కొన్ననాటి ప్లాస్టిక్ సంచిలోనే ఉంది. సంచి తియ్యకుండానే నొక్కాడు. బ్యాటరీలు మార్చాడు. దుమ్ము ఆపే జల్లెడ కడిగాడు. మీటరు దగ్గర మీట పైకీ కిందికీ ఆడించాడు. ఏసీ కాసేపు తిరగడం, ఎర్రలైటు కొట్టుకోవడం, ఆగిపోవడం, మళ్లీ అదే కథ.

"ఒరే, అలా నొక్కితే వేలు అరుగుతుంది గానీ చల్లగాలి రాదురా," అంది తల్లి జుమాగుల్. ఆవిడ దిష్టి తీసే ఇసిరిక్ ఆకు ముట్టించి, ఆ పొగ ఏసీ చుట్టూ మూడుసార్లు తిప్పింది. "ఎవరిదో పాడు కన్ను. ఎవరిదో ఎందుకు, ఇంట్లోనే ఉందిగా! రోజూ తుమ్ముల పెట్టె, తుమ్ముల పెట్టె అని తిడుతుంటే దానికి మాత్రం రోషం ఉండదా?"

"నేనేం అన్లేదు," అన్నాడు తాత.

"ఇవాళ అన్లేదు. అదే నాకు అనుమానం."

ఎర్గష్ మెకానిక్‌కి ఫోన్ చేశాడు. వాడు ఊళ్లో లేడు. "బయటిపెట్టె మరీ వేడెక్కితే అలాగే ఆగిపోద్ది అన్నా. ఓసారెళ్లి చూడు," అన్నాడు. ఎర్గష్ లేవబోయాడు.

తాత చెయ్యి పట్టుకుని ఆపాడు. "నువ్వు కూర్చో. నిన్ను చూస్తే ఆ పుంజు కాళ్లు పొడిచేస్తుంది. నే చూసొస్తా."

వెళ్లి చూస్తే ఏముంది, చపాన్ ఒక పక్కకు జారి, మూల మీద ఎండ పడుతోంది. అదిగో, అందుకే వేడెక్కింది! ఆయన చపాన్ పైకి లాగి, దాని చేతులు రెండూ వెనక్కి తిప్పి, రుమాలు గట్టిగా బిగించి వచ్చాడు.

"ఇంక దాని మీద ఎండ పొడ పడదు. వెయ్యి!"

ఎర్గష్ వేశాడు. తిరిగింది. తాత అందరి మొహాలూ ఒక్కొక్కటే చూస్తూ గడ్డం నిమురుకున్నాడు. నిమరడం పూర్తికాకుండానే ఎర్రలైటు కొట్టుకుంది.

మౌలూదా చెమట తుడుచుకుని నెమ్మదిగా అంది: "అత్తయ్యా, ఇంక నావల్ల కాదు. అమ్మ దగ్గరికి పోతాను."

ఎర్గష్ కారు తేవడానికి వెళ్లాడు. జుమాగుల్ సంచిలో రొట్టెలు సర్దసాగింది. తాత ఊయలతొట్టి వైపు చూడకుండా కూర్చున్నాడు.

"పోయిరా అమ్మా. అక్కడ చల్లగా ఉంటుంది," అన్నాడు.

ఆరేసిన బట్టలు తెచ్చుకుంటానని మౌలూదా పెరట్లోకి వెళ్లింది. కాసేపటికి అక్కడినుంచి నవ్వు వినిపించింది. ఆగకుండా వినిపించింది. తాత కంగారుపడి పరిగెత్తాడు. ఆమె ఒక చేత్తో పొట్ట, ఒక చేత్తో గోడ పట్టుకుని నిలబడి ఉంది. ఎదురుగా ఏసీ, పట్టు చపాన్‌లో, పెళ్లికి బయల్దేరినట్టు ఉంది.

"మామయ్యా, ఇది మీ పండగ చపాన్ కదూ?"

"ఎండ తగలకుండా... నాకు తగలట్లేదుగా మరి!"

"మీరు వేరు, ఇది వేరు. లోపలి వేడంతా మోసుకొచ్చి ఇక్కడ పారబొయ్యడమే దీని పని. మీరేమో ముక్కూ నోరూ మూసి కట్టేశారు."

తాత మొహం పాలిపోయింది. "చంపేశానా?"

"చావలేదు. సొమ్మసిల్లింది. కాసేపు గాలి తగిలితే లేస్తుంది." ఆమె రుమాలు ముడి విప్పుతూ ఆగింది. "రోజూ తిడతారు కదా దీన్ని. మరి ఇదెందుకు కప్పారు?"

తాత కోళ్ల వైపు చూశాడు. "ఇది తిరుగుతున్నన్నాళ్లూ ఉంటానని మీ అమ్మతో చెప్పావుగా."

మౌలూదా మరి నవ్వలేదు. చపాన్ తీసి, దుమ్ము దులిపి, చారలు సరిచేసి, పెద్దవాళ్లను గౌరవించేటప్పుడు వేసినట్టు రెండు చేతులతో ఆయన భుజాల మీద కప్పింది. తాత వీధివైపు మొహం తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు.

బయట కారు హారన్ మోగింది. ఎర్గష్ లోపలికొచ్చి, చపాన్ మీద చపాన్‌తో నిలబడ్డ తండ్రిని చూసి నోరు తెరిచాడు.

"బయటిపెట్టెకు ఏదో అడ్డం పడింది. మామయ్య తీసేశారు," అంది మౌలూదా. "ఇంక కారెందుకు, నేనెక్కడికీ వెళ్లను."

వెనకాలే వచ్చిన జుమాగుల్ పట్టు చపాన్ వంకా, దాని మీది ఇనుప పెట్టె మరకల వంకా, మొగుడి ఎర్రబడ్డ కళ్ల వంకా చూసింది. "పండగ ఎప్పుడొచ్చింది, నాకు చెప్పనేలేదు?" అని, రొట్టెల సంచి విప్పడానికి లోపలికెళ్లింది.

మధ్యాహ్నానికి ఏసీ హాయిగా తిరిగింది. అది వచ్చాక మొదటిసారి తాత ఆ గదిలోకి వెళ్లి, సరిగ్గా దాని కిందే కూర్చున్నాడు. కూర్చున్న కాసేపటికి ఇల్లదిరేలా తుమ్మాడు.

అందరూ ఆయన వైపు తిరిగారు.

"దుమ్ము," అన్నాడు తాత. రెండు చపాన్లూ మెడదాకా లాక్కున్నాడు గానీ అక్కడినుంచి కదల్లేదు.