తోడుమనిషి దిగాల్సిన చోటు

అమారా రోడ్డు మీద నేను చూసిన చావుల్లో సగం తుపాకులవి, సగం కరెంటు తీగలవి. ఇది తుపాకులది. నా కథల్లో కొంచెం గాలి ఉంటుందని మా వీధిలో అంటారు. ఉంటుంది. గాలి లేని టైరు ఎక్కడికి పోతుంది? కానీ ఇందులో నెత్తురు మాత్రం అసలుదే.

మా హాజీ చాసిబ్ బస్రాలో బరువు సరుకుల బ్రోకరు. లారీ ఆయనది కాదు, సరుకు ఆయనది కాదు, రోడ్డు అసలే కాదు. మధ్యలో మెడ మాత్రం ఆయనది. ఓడరేవులో దిగిన రెండొందల టన్నుల ట్రాన్స్‌ఫార్మరును చిత్తడి నేలల మీదుగా చేర్చాలంటే, వారం ముందే బయల్దేరి ప్రతి వంతెన కిందా దూరి సిమెంటు గీకి చూసేవాడు. ఏ ఊళ్ళో జనరేటరు తీగ ఎంత కిందికి వేలాడుతోందో కొలిచేవాడు. నేను ముందు కారువాణ్ణి. నా కారు మీద నిలువుగా ఒక కర్ర, సరుకు ఎత్తు కన్నా జానెడు ఎక్కువ. అది తీగకు తగిలితే వెనక లారీ ఆగాలి. అందుకే హాజీ నన్ను కర్రోడనేవాడు. ఆ ట్రాన్స్‌ఫార్మరు ఎంత బరువంటే, దాని నీడ పడిన గేదె రెండు రోజులు పాలివ్వలేదు. నమ్మకపోతే గేదెనడగండి.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం మనిషి. దానికి హాజీ పాత ఎడారి పద్ధతి పట్టాడు. ఏ తెగ నేల మీద పోతుంటే ఆ తెగ మనిషిని ఒకణ్ణి లారీ ముందు సీట్లో కూర్చోబెట్టాలి. అతను కనబడుతున్నంతసేపూ వాళ్ళు తూటా పేల్చరు. పొలిమేర రాగానే అతను దిగాలి, పక్క తెగవాడు ఎక్కాలి. ప్రతి తోడుమనిషి ఇంటికీ హాజీ ముందే వెళ్ళి, "నీ కొడుకు నా మెడ మీద, తల్లీ. బతికుండగా తెచ్చి దింపుతాను" అని మాటిచ్చేవాడు. మాట తప్పితే ఆ మెడ వాళ్ళది.

ఆ రోజు తోడు బనీ సువైర్ తెగ ముతషర్. ముప్పై ఏళ్ళ మీసాలవాడు. నోరు పెద్దది, తుపాకీ ఇంకా పెద్దది. పొద్దున తొమ్మిదింటికి పొలిమేర కాలువ దగ్గరికి వచ్చాం. అవతల వీళ్ళ తాతల నాటి పగవాళ్ళు ఆల్ ముహైనా తెగ నేల. అక్కడ ఎక్కాల్సిన వాళ్ళ మనిషి ధారీ లేడు. ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు. గంట చూశాం. కాలువ కట్టది మెత్తమట్టి. లారీ చక్రాల కింద నేల కుంగడం మొదలైంది.

"నేను దిగిపోనా హాజీ?" అన్నాడు ముతషర్.

"దిగి ఏం చేస్తావు, వెనక నుంచి తోస్తావా? కూర్చో."

"వాళ్ళ నేల మీద నేనా? మా తాత వింటే నవ్వి చచ్చేవాడు."

"మీ తాత చచ్చి ఇరవై ఏళ్ళయింది. ఆ తుపాకీ కాళ్ళ కింద పెట్టు. ఒరే కర్రోడా, కదులు."

"నీ పద్ధతి నువ్వే తప్పుతున్నావు హాజీ" అన్నాను.

"లారీ మునిగితే నీ కర్రతో లేపుతావా? కదలమన్నానా!"

కదిలాను.

మూడు కిలోమీటర్లు పోయామో లేదో, ఖర్జూర తోట వెనక నుంచి ఒక్కసారిగా యాభై తుపాకులు మోగాయి. జెండాలు పట్టుకుని జనం రోడ్డు మీదికి ఎక్కుతున్నారు. అది చావు ఊరేగింపు. వాళ్ళ షేఖు తమ్ముడు తెల్లవారుజామున పోయాడు. పోయినవాడి గౌరవానికి ఆకాశంలోకి కాలుస్తున్నారు, మా వైపు ఎప్పుడూ ఉన్న ఆచారమే. ధారీ లారీలో ఉండుంటే "అది మా ఇంటి చావు, ఇంజను ఆపండి" అని ఉండేవాడు. ఉన్నది ముతషర్. ఆల్ ముహైనా వాళ్ళ తుపాకీ మోతకు అతనికి పుట్టినప్పట్నుంచీ ఒకటే అర్థం తెలుసు. కిటికీలోంచి గొట్టం బయటపెట్టి, ఉన్న తూటాలన్నీ వదిలేశాడు.

ముందు నడుస్తున్న నల్లజెండా కూలింది. పట్టుకున్నవాడి గొంతు చిరిగిపోయింది. మేము గంటసేపు ఎదురుచూసిన ధారీ అతనే.

ఆకాశంలో ఉన్న తుపాకులన్నీ కిందికి దిగాయి. నా కారు అద్దం నా ఒళ్ళో పడింది. కర్ర రెండు ముక్కలైంది. లారీ డ్రైవరుకు చెవి తెగి భుజం మీద వేలాడుతోంది. టైర్లు ఒక్కొక్కటే పేలాయి. ట్రాన్స్‌ఫార్మరు ఇనుము పెద్ద గంటలా మోగింది, లోపల బిగించిన గాలి చిల్లుల్లోంచి ఈలలు వేసింది. నేను పాక్కుంటూ దాని కిందికి చేరాను.

లారీలోనే వస్తున్న హాజీ అప్పటికే ముతషర్ కాలు పట్టి సీట్లోంచి కిందికి లాగుతున్నాడు. వాడు ఇంకో తూటాల పెట్టె ఎక్కించబోతున్నాడు. హాజీ తుపాకీ లాక్కుని దాని మడమతో వాడి మూతి మీద కొట్టాడు. పళ్ళు రాలిన చప్పుడు నేను విన్నాను.

"కర్రోడా, వీడి మీద కూర్చో. లేచాడో, నిన్ను పాతేస్తాను."

తుపాకీ తల మీదికెత్తి, లొంగిపోయిన గుర్తుగా తలపాగా తాడు మెడలో వేసుకుని రోడ్డు మధ్యకి నడిచాడు. "కాల్చింది నేనే! ఆపండి! నేనే కాల్చాను!"

ఆపారు. కాల్చడం మాత్రమే. ఆడవాళ్ళు చెప్పులతో, మగవాళ్ళు జెండా కర్రలతో కొట్టారు. ఒక చెయ్యి మోచేతి దగ్గర వెనక్కి తిరిగింది. నా కింద ముతషర్ నెత్తురు ఉమ్ముతూ, "వదులు మామా, నేనే పోతాను" అన్నాడు. వాడి మొహం మట్టిలోకి అదిమాను.

ధారీ అన్న సగ్బాన్ జనాన్ని తోసుకుని వచ్చాడు. చొక్కా నిండా తమ్ముడి నెత్తురు.

"నువ్వా కాల్చింది? ఏదీ, ఇదిగో తూటాల పెట్టె, ఎక్కించి మళ్ళీ కాల్చి చూపించు."

హాజీ మంచి చేత్తో తుపాకీని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. తూటాల పెట్టె ఎక్కడ పెట్టాలో తెలియలేదు. జన్మలో పట్టుకుంటే కదా. గుంపులో ఎవడో నవ్వాడు కూడా.

సగ్బాన్ నవ్వలేదు. "ఎవణ్ణి దాస్తున్నావు?"

"మీ అమ్మకు మాటిచ్చాను, వాడి అమ్మకూ ఇచ్చాను. ఒకటి పోయింది నాయనా. రెండోది అడక్కు."

"ఆ నెత్తురు నీ మీద వేసుకుంటున్నావా?"

"వేసుకున్నాను."

"అయితే ఉంచుకో." పిస్తోలు హాజీ మోకాలికి ఆనించి రెండుసార్లు కాల్చాడు. చిప్ప ముక్కలు ఎగిరాయి. మూడోసారికి గొట్టం నుదుటి మీదికి లేచింది.

ముసలి షేఖు తన తలపాగా తాడు తీసి ఇద్దరి మధ్య విసిరాడు. పెద్దమనిషి తాడు మధ్యలో పడ్డాక దాన్ని దాటి మా వైపు ఎవడూ కాల్చడు. "నా తమ్ముడింకా మట్టిలోకి దిగలేదు బిడ్డా. మూడు రోజులాగు." తర్వాత మా వైపు తిరిగాడు. "ఈ ఇనుము ఇక్కడే ఉంటుంది. మూడో రోజుకి ఈ నెత్తురు లెక్క తేల్చడానికి మీ పెద్దలు రాకపోతే మేమే వస్తాం."

హాజీనీ, డ్రైవరునీ, ముతషర్‌నీ నా కారులో కుక్కి వెనక్కి తిప్పాను. రేడియేటరుకు చిల్లు. ఆస్పత్రికి అంటే హాజీ నా మెడ పట్టుకున్నాడు. "ముందు వాడింటికి."

"కారిపోతున్నావు హాజీ!"

"కారనీ. తోలు."

ముతషర్ ఇంటి ముందు కారు పొగలు కక్కి చచ్చింది. వాడి తల్లి వచ్చింది. హాజీ తలుపు తెరిచి, కూర్చున్న చోటు నుంచే అన్నాడు: "నీ కొడుకు, తల్లీ. పళ్ళు మూడు తక్కువ."

"ఎవరు రాలగొట్టారు?"

"నేనే."

"ఎందుకు?"

ముతషర్ చెప్పాడు. పళ్ళూడిన నోటితో, ధారీ పేరుతో సహా, అంతా చెప్పాడు. ఆమె విన్నంతసేపూ హాజీ మోకాలినే చూసింది. తన నడికట్టు విప్పి హాజీ తొడకు బిగించి కట్టింది. తర్వాత కొడుకు చెంప మీద కొట్టింది, ఉన్న పళ్ళు కూడా కదిలేలా.

"ఎత్తుకో ఆయన్ని. మెయిన్ రోడ్డు దాకా నువ్వే మోయి. ఇటునుంచి ఇటే ధారీ వాళ్ళమ్మ దగ్గరికి నేను పోతున్నాను. నువ్వు నాకు కనబడకు."

ముతషర్ హాజీని వీపు మీద వేసుకుని ఎండలో పరిగెత్తాడు. వెనకే డ్రైవరు ఒక చేత్తో చెవి పట్టుకుని, నేను అతని ఇంకో చెయ్యి పట్టుకుని. హాజీ తిట్లు దారి పొడవునా వినబడుతూనే ఉన్నాయి: "మెల్లగారా గాడిదా! గుంత చూసి నడువు! నేనేమైనా సిమెంటు బస్తానా?"

కాలు ఆ సాయంత్రమే తీసేశారు.