పుస్తకంలో లేని డైలాగు

కృష్ణానగర్ నుంచి జూనియర్ ఆర్టిస్టులను షూటింగులకు తీసుకెళ్లే జంగయ్య ముందురోజే ఇంటికొచ్చి చెప్పిపోయాడు. "కొమురవ్వా, ఈసారి గుంపుల నిలవడుడు కాదు. హీరో నాయనమ్మవు. డైలాగు గూడ ఉంది."

ఇన్నేళ్లూ ఎవరెవరి పెళ్లిళ్లలోనో అక్షింతలు వేశాను, ఎవరి శవాల దగ్గరో ఏడ్చాను. నా గొంతు మాత్రం ఏ సినిమాలోనూ వినపడలేదు. పొద్దున్నే తలస్నానం చేసి అందరికంటే ముందు వ్యానెక్కాను.

జూబ్లీహిల్స్‌లో ఒక బంగళా. మనవడు కంప్యూటర్ ముందు కూర్చుని ఉంటాడు. నేను గుడికి బయల్దేరుతూ గుమ్మంలో ఆగి "జీటీజీ, టీసీ" అనాలి. వాడు కుర్చీలోంచి పడిపోవాలి.

నాకొచ్చిన నాలుగక్షరాలు బస్సు బోర్డులు చదువుకోవడానికే సరిపోతాయి. మాటను చెవితో పట్టుకోవలసిందే. పాత రోజుల్లో ప్రాంప్టింగు చెప్పేవాళ్లు ముందు భావం చెప్పేవారు. "ఇక్కడ మీకు కోడలి మీద కోపం, పైకి చూపించరు" అని చెప్పి, ఆ తరువాతే మాట అందించేవారు. డైలాగు నాది కాకపోయినా పక్కన నిలబడి అంతా విన్నదాన్ని.

అసిస్టెంట్ డైరెక్టరు రవిచంద్రను అడిగాను. "దానర్థం ఏంది బిడ్డా?"

"అర్థంతో పనేంటమ్మా. కామెడీ. చెప్పేయండి చాలు."

"ఏ మొఖం పెట్టాలె? కోపంగనా, ప్రేమగనా?"

"మామూలుగా."

మామూలుగా చెబితే బొమ్మలా ఉందన్నారు. నవ్వుతూ అంటే, మీరు నవ్వకూడదన్నారు. లైట్లు మార్చుకుంటామని కాసేపు ఆపారు.

జంగయ్య సెల్లు తీసుకుని నా మనవరాలు హిమజకు ఫోన్ చేశాను. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం దానిది. "మీటింగుల ఉన్న నానమ్మా" అని పెట్టేసింది.

మాటలు రాసిన అచ్యుతరామయ్యగారు గొడుగు కింద కూర్చున్నారు. పక్కనే ఇటుకంత నిఘంటువు. అందులో చూసి చెప్పమన్నాను.

"ఇందులో ఉండదమ్మా. అసలవి మాటలే కావు. పిల్లలు కంప్యూటర్లో కొట్టుకునే పొడి అక్షరాలు. అలాంటివాటిని నిఘంటువులోకి రానిస్తే భాషేం మిగులుతుంది?"

"మరి నా నోట్లెకెట్ల రానిచ్చిన్రు సారూ?"

లైట్‌బాయ్‌లు కిసుక్కుమన్నారు. ఆయన ముఖం ముడుచుకుంది. "మా అబ్బాయి రాసిచ్చాడు. వింతగా ఉంటుందని పెట్టాను" అన్నారు.

రాసినాయనకే తెలియదన్నమాట. మా ఇంటి మాటలను కూడా "అది మాట కాదమ్మా" అని సెట్లో దిద్దినవాళ్లు చాలామందే. అప్పుడు సర్దుకున్నాను, వాటి అర్థం నాకు తెలుసు కాబట్టి. తెలియని మాటకు పుస్తకం దగ్గరికి కాక ఇంకెక్కడికి పోవాలి?

తిరిగి వచ్చేసరికి డైలాగు నాతోపాటు వ్యానులో వచ్చిన లీలాకుమారికి ఇచ్చేశారు. ఆవిడ ఏమీ అడగలేదు. కళ్లు గుండ్రంగా తిప్పి "జీటీజీ, టీసీ" అంది. అందరూ నవ్వారు, ఓకే అయింది. నన్ను వెనక పూజపళ్లెంతో నిలబెట్టారు.

"అర్థాలెందుకవ్వా నీకు? చేతికొచ్చినదాన్ని పోగొట్టుకుంటివి" అని జంగయ్య వ్యానులో దారిపొడవునా సణిగాడు.

సాయంత్రం హిమజ ఇంటికొచ్చి చెప్పులు విప్పకముందే అడిగాను.

"గాట్ టు గో, టేక్ కేర్. పోతున్న, పైలం అన్నట్టు. గంతే నానమ్మా."

"గింతేనా?" నాకు కడుపు మండిపోయింది. "గీ ముక్క డిక్షనరీల రాస్తే ఏం పోయింది?"

"అండ్ల ఎక్కేసరికి మేం అనుడే మానేస్తం."

"మానేసిన్రని గూడ రాయమను. ఒకప్పుడు గిట్ల అనేటోళ్లు, అర్థం ఇది అని."

"ఎవ్వరు చూస్తరే? మాకందరికీ తెలుసు గద."

"తెలిసినోళ్లకెందుకే డిక్షనరీ?"

అది ఫోనులో ఏదో టిక్కుటిక్కుమని కొట్టుకుంటోంది. నేను లేచి గుమ్మంలో నిలబడ్డాను. గుడికి పోతూ సినిమాలో మనవడివైపు తిరిగి చూసినట్టు చూసి, ఇంట్లో రోజూ అనే మాటలాగే అన్నాను. "జీటీజీ, టీసీ."

హిమజ తలెత్తింది. నవ్వలేదు.

"మంచిగన్నవ్ నానమ్మా. కానీ కామెడీ రాలే. గిట్లంటే డైరెక్టర్ ఓకే అనడు."

నిజమే. అర్థం తెలిసినా ఆ డైలాగు నాకు దక్కేది కాదు. మధ్యాహ్నం నుంచి పడ్డ మంట కంటే ఇదే ఎక్కువ మండింది. బియ్యం కడుగుతుంటే సగం గింజలు నీళ్లతో పోయాయి.