నిజం చెప్పే పిల్లోడు

మా నాయన మునినారాయణప్పకు బెంగళూరు చిక్కపేటలో చీరల అంగడి ఉంది. నాకు పదిహేడేళ్లు, అబద్ధం చెప్పకూడదనే రోగం ఉంది.

మా ఇంట్లో మగపిల్లాడు పుడితే అంగట్లో కూర్చుని ప్రతి చీరనూ “ప్యూర్ సిల్కమ్మా” అనాలి. తాత అన్నాడు, నాయన అంటున్నాడు, పీయూసీ పరీక్షలు అయిపోయాయి కాబట్టి ఇక నేను అనాలట. ఛస్తే అననన్నాను. కూర్చుంటాను గానీ అడిగినవాళ్లకు నిజమే చెబుతానన్నాను. అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. నాయన మాత్రం “సరేలేప్పా” అన్నాడు. అంత సులువుగా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

మొదటిరోజు పొద్దున్నే ఒక కట్ట నా చేతిలో పెట్టి, “ఇవి మాత్రం అసలైనవి. ధైర్యంగా చెప్పొచ్చు” అన్నాడు. పొంగిపోయాను, వెర్రివెధవను.

మాలూరు నుంచి నాగలక్ష్మి అనే ఆమె కూతురిని వెంటబెట్టుకుని, ఆ పిల్ల పెళ్లి చీరల కోసం వచ్చింది. ఎదురుగా ఉన్న చీర పట్టుకుని, “ఇది పట్టేనా అప్పా?” అని నన్నడిగింది.

“కాదమ్మా.”

“ఏమిరా, అంగడి మూసుకోమంటావా?” అని నాయన అరిచాడు. ఆమె ముఖం వెలిగిపోయింది. తర్వాత నాయన తీసిన ఏ చీరకూ ఆయన మాట వినలేదు. “నువ్వు చెప్పప్పా” అంటూ నా వైపే చూసింది. పొద్దుటి కట్ట చూపించి, అది అసలు పట్టేనని చెప్పాను. మూడు చీరలు కొనుక్కుని వెళ్లిపోయింది.

చీరలు పరిచి చూపించే పరుపు మీద, ఆ చీరల్లోంచి ఊడిన పోగు ఒకటి మిగిలింది. దేవుడి పటం దగ్గరున్న అగ్గిపెట్టె తీసి కాల్చాను. పట్టయితే కాలిన వెంట్రుకల వాసన రావాలి. ఇది ప్లాస్టిక్‌లా కరిగి ముద్దయింది. దాన్ని తీసుకెళ్లి నాయన ముందు పెట్టాను.

“నాయనా, ఏమిటిది?”

“సుమ్మనే ఉండప్పా, అరవొద్దు. నువ్వు అబద్ధమాడలేదు కదా, తెలీక చెప్పినావు. పాపమంతా నాది.”

పరుగెత్తాను. మెట్రో మెట్ల దగ్గర ఆ తల్లీకూతుళ్లను పట్టుకుని అంతా చెప్పేశాను. ఆమె నన్ను వెంటబెట్టుకుని అంగడికి తిరిగొచ్చింది. ఈరోజుతో నాయన పని అయిపోయిందనుకున్నాను.

నాయన లేచి రెండు చేతులూ జోడించాడు. “తప్పు జరిగిందమ్మా. నా అంగడి సరుకు బాగలేదని నా కొడుకే పరుగెత్తుకొచ్చి చెప్పినాడు. చిక్కపేటంతా తిరగండి, ఇట్లాంటి పిల్లోడు ఇంకో అంగట్లో ఉండాడేమో చూడండి!” అంటూ చీరలు వెనక్కి తీసుకుని ఇంకో కట్ట విప్పాడు.

“ఇదెట్లా ఉండాది అప్పా?” అని ఆమె మళ్లీ నన్నే అడిగింది.

అగ్గిపెట్టె కోసం పటం దగ్గర చెయ్యి పెట్టాను. లేదు. నాయన చొక్కా జేబు ఉబ్బుగా ఉంది.

“నాకు తెలీదమ్మా. నన్ను నమ్మొద్దు” అన్నాను, దాదాపు ఏడుస్తూ.

“చూస్తివా, తెలీకుంటే తెలీదంటాడు!” అని కూతురితో మురిసిపోయింది. “కట్టియ్యన్నా.” పక్కనున్న ఇద్దరు ఆడవాళ్లు కూడా అదే కట్టలోంచి తలా ఒకటి తీసుకున్నారు.

ఇంటికొచ్చాక అమ్మ నాకు దిష్టి తీసింది. నాయన నా వీపు తట్టాడు.

“రేపు తొందరగా అంగడికి రా అప్పా. నిజమే చెప్పు.”