గోడ మీంచి లేపేశారు

కోడలిది ఒక చిన్న ఊళ్లో ఇంజనీరుగారి ఆఫీసులో ఇళ్ల ప్లాన్లు గీసే ఉద్యోగం. మహానగరం నడిబొడ్డున లేచిన అద్దాల భవనాలను దగ్గరనుంచి చూసి, తన కెమెరాతో తనివితీరా ఫొటోలు తీసుకోవాలని ఆమెకు ఎప్పటినుంచో కోరిక. తీరా బయల్దేరేసరికి భర్తకు సెలవు దొరకలేదు. నేనొస్తానని అత్తగారు లేచారు. ఆవిడ ఆసుపత్రి వార్డులో నర్సుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగమంతా నిలబడే గడిచిపోవడంతో మోకాళ్లు అరిగిపోయాయి. అయినా మధ్యమధ్యలో కాసేపు కూలబడితే చాలనీ, నీ పనికి అడ్డురాననీ కోడల్ని ఒప్పించారు.

పొద్దున్నే నగరంలో దిగి, హోటల్లో సామాను పడేసి నడక మొదలుపెట్టారు. తాను కాగితం మీద గీసే రెండంతస్తుల ఇళ్లెక్కడ, ఈ ఆకాశాన్నంటే గోడలెక్కడ అనిపించింది కోడలికి. ఫొటోలో భవనం తప్ప మరొకటి పడకూడదని ఆమె పట్టుదల. మనుషులు దాటిపోయేదాకా ఆగి, అప్పుడు బటన్ నొక్కేది. ఒకచోట పేవ్‌మెంటు మీద వెల్లకిలా పడుకుని మరీ తీస్తుంటే, మెడ పట్టేస్తే నా దగ్గర మందు లేదని అత్తగారు ముందే చెప్పేశారు.

ఎండ ముదిరేసరికి ఆవిడ మోకాళ్లు మొరాయించాయి. ఇద్దరూ కూర్చునే చోటు కోసం వెతికారు. బస్టాపులో బల్ల ఉంది కానీ, కూర్చుంటే జారిపోయేలా వాలుగా బిగించారు. మొక్కల తొట్ల అంచుల నిండా ఇనుప బొడిపెలు. ఒక బ్యాంకు మెట్ల మీద కూర్చోబోతే గొలుసు అడ్డొచ్చింది. ఏ కిటికీ గట్టు చూసినా మేకులే.

"ఏవమ్మాయ్, ఈ ఊళ్లో ఎవరికీ నడుములు లేవా?" అన్నారు అత్తగారు.

కోడలు నవ్వింది కానీ, ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. అన్నిటికన్నా ఎత్తయిన భవనం ముందు ఫౌంటెన్ చుట్టూ మోకాలెత్తున నల్లరాతి గోడ ఉంది. నున్నగా, వెడల్పుగా ఉంది. బొడిపెలు పెట్టడం మర్చిపోయినట్టున్నారు. అత్తగారు దాని మీద కూర్చుని, హమ్మయ్య అని కాళ్లు చాపుకున్నారు. కోడలు పది అడుగులు వెనక్కి వెళ్లి కెమెరా ఎత్తిందో లేదో, సెక్యూరిటీ గార్డు వచ్చి ఆవిణ్ణి లేవమన్నాడు.

కోడలు పరుగున వచ్చింది. పెద్దావిడ, మోకాళ్ల నొప్పి, కాసేపాగి లేస్తారని చెప్పి చూసింది. తనకేం అభ్యంతరం లేదనీ, పైనవాళ్లు కెమెరాలో చూస్తుంటారనీ, ఎవరైనా కూర్చుంటే తనకు చీవాట్లు పడతాయనీ అతను గొంతు తగ్గించి చెప్పాడు. మాట్లాడుతూనే బరువును ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంటున్నాడు. నర్సమ్మ కళ్లు అక్కడే ఆగాయి.

"నీ కాళ్లు వాచాయి బాబూ. పొద్దుటినుంచీ నిలబడే ఉన్నావా?"

"కుర్చీ ఉండేదమ్మా. గుమ్మం ముందు బాగోదని తీయించేశారు."

అత్తగారు అంతకుముందు లేద్దామనే అనుకున్నారట. ఆ మాట విన్నాక గోడ మీద ఇంకాస్త సర్దుకుని కూర్చున్నారు.

ఈలోగా లోపల్నుంచి మేనేజరు వచ్చాడు. ఇస్త్రీ నలగని చొక్కా, మెడలో కార్డు, మొహాన చిరునవ్వు. అది కూర్చునే గోడ కాదనీ, డిజైన్‌లో భాగమనీ, ఎవరైనా కూర్చుంటే భవనం అందం దెబ్బతింటుందనీ ఎంతో మర్యాదగా వివరించాడు. కావాలంటే లోపల కాఫీ షాపు ఉందట, ఏదైనా ఆర్డరిచ్చి కూర్చోవచ్చట. కోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది. చేత్తో చెమట తుడుచుకుంటూ నిలబడ్డ గార్డునూ, ఆ నల్లరాతినీ మార్చి మార్చి చూసింది.

"నేనూ భవనాలు గీసేదాన్నే. మనిషి కూర్చుంటే చెడిపోయే అందం గురించి ఇవాళే వింటున్నాను" అంది.

"నా మోకాలు లెమ్మన్నప్పుడు లేస్తాను నాయనా, అంతదాకా నువ్వు కూడా కూర్చో" అన్నారు అత్తగారు మేనేజరుతో.

అతను కూర్చోలేదు. ఫోన్ తీసి పక్కకు తిరిగాడు. కోడలు రోడ్డు దాటి అవతలి పేవ్‌మెంటు మీదికి వెళ్లి కెమెరా ఎత్తింది. ఈసారి ఎవరూ తప్పుకునేదాకా ఆగలేదు. అద్దాల నిండా మబ్బులు, కింద గోడ మీద కాళ్లు చాపుకున్న అత్తగారు, పక్కన చేతులు కట్టుకున్న గార్డు, కాస్త ఎడంగా వీపు తిప్పిన మేనేజరు, అందరూ ఫొటోలో పడ్డారు. కాసేపటికి మేనేజరు ఫోన్ చేసి రప్పించిన మనుషులొచ్చి అత్తగారిని గోడ మీంచి లేపేశారు.

ఊరికి తిరిగొచ్చాక ఆ ఫొటోను, జరిగిన సంగతి రాసి ఇంటర్నెట్‌లో పెట్టింది. కొందరు మెచ్చుకున్నారు, కొందరు తిట్టారు, తర్వాత అందరూ మర్చిపోయారు. ఆ వానాకాలంలో ఒకరోజు ఇంజనీరుగారు ఆమెను పిలిచి, ఈ భవనమేనా నువ్వు చూసొచ్చిందని కంప్యూటర్లో ఒక ప్రకటన చూపించారు. అందులో ఉన్నది ఆమె తీసిన ఫొటోయే. అవే మబ్బులు, అదే వెలుగు. గోడ మీద మాత్రం ఎవరూ లేరు. ముగ్గురినీ చెరిపేసి, ఆ చోటంతా నల్లరాయితో నింపేశారు.

ఇంటికొచ్చి చూపిస్తే అత్తగారు కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు.

"గోడ మీంచి లేపింది చాలక, ఫొటోలోంచి కూడా లేపేశారన్నమాట" అన్నారు.

కోడలు ఆ ప్రకటన వేసిన కంపెనీకి ఉత్తరం రాసింది. మీ ఫొటో మాకెంతో నచ్చింది, భవనం బాగా కనబడాలని చిన్న చిన్న సవరణలు చేశాం, కావాలంటే కింద మీ పేరు వేస్తాం అని జవాబొచ్చింది. నా పేరు అక్కర్లేదు, మా అత్తగారిని, గార్డును తిరిగి పెట్టండి, లేదా ఫొటో తీసేయండి అని మళ్లీ రాసింది. తీసేశారు. క్షమాపణ మాట మాత్రం ఎక్కడా లేదు.

గెలిచాం కదా అని భర్త సముదాయించబోయాడు. ఏం గెలిచామని ఆమె విసుక్కుంది. అత్తగారు ఒత్తుతున్న మోకాలి మీంచి చెయ్యి తీశారు.

"నేనంటే ఒక్కపూట వెళ్లొచ్చినదాన్ని. ఆ అబ్బాయి రోజూ అక్కడే నిలబడతాడు. చెయ్యెలా వచ్చిందే వాళ్లకి, అతన్ని చెరపడానికి?"

కోడలు లేచి వెళ్లి, ముగ్గురూ ఉన్న అసలు ఫొటోను పెద్ద సైజులో అచ్చు వేయించడానికి పంపింది.