మరియమ్మ రానన్న ఊరు

మరియమ్మ ఒకసారి "రాను" అన్నదంటే ఆ మాటను వెనక్కి తీసుకున్న సందర్భం తూంకుంటలో ఎవరికీ గుర్తు లేదు. ముప్పై ఏళ్లు సర్కారు దవాఖానలో ఏఎన్ఎంగా చేసి, శామీర్‌పేట చుట్టుపక్కల ఊళ్లలో సగం మందికి మొదటి స్నానం పోసిన మనిషి ఆమె. చేతిలో సూదితో వాకిట్లో నిలబడితే మీసాలు మెలేసే మగవాళ్లు కూడా పెళ్లాం వెనక దాక్కునేవారు. ఇప్పుడు రిటైరై, పింఛను తీసుకుంటూ, కొడుకు ఫిన్నీ కట్టుకున్న కొత్త ఇంట్లో ఉంటోంది. ఉద్యోగం పోయింది గాని గొంతు పోలేదు.

అలాంటి అత్తగారి ముందు కోడలు హన్నా ఒక ఆదివారం విదేశయాత్ర మాట ఎత్తింది. చర్చి నుంచి వచ్చి అందరూ కోడికూర అన్నం తింటున్న వేళ.

"సైప్రస్ అని ఒక దేశం ఉంది అత్తమ్మ. అండ్ల అయియా నాపా అని సముద్రం ఒడ్డుకు ఊరు. ఎండాకాలం సెలవుల్ల పోదామనుకుంటున్నం" అంటూ ఫోను ముందుకు జరిపింది.

ఫొటోలో తెల్లటి ఇసక. ఇసక మీద గొడుగులు. గొడుగుల కింద, చేతిరుమాలంత గుడ్డతో సరిపెట్టుకున్న ఆడవాళ్లూ మగవాళ్లూ.

"గిదేంది?" అంది మరియమ్మ.

"బీచ్ క్లబ్ అంటరు. పొద్దంత నీళ్లల్ల ఆడుకుంటరు. పొద్దుగూకినంక పెద్దగ పాటలు పెట్టుకొని ఎగురుతరు."

"మందు గూడ తాగుతరా?"

"మస్తు తాగుతరు అత్తమ్మ."

మరియమ్మ ముద్ద కిందపెట్టింది. "చర్చి సంఘంల ఆడోళ్లకు బుద్ధులు చెప్పేదాన్ని. నన్ను తీస్కపోయి గా బరిబత్తల మంది నడుమ కూసోబెడ్తవా? నేను రాను. మీరు పోతే పోండ్రి. పిల్లను నేను జూసుకుంట."

మామూలుగా అయితే హన్నా మాటకు మాట అంటుంది. ఆ రోజు ఎదురు చెప్పలేదు. "మీ ఇష్టం అత్తమ్మ" అని ఇంత కూర తెచ్చి అత్త కంచంలో వేసింది. ఫిన్నీ అయితే తల కూడా ఎత్తలేదు. అమ్మకూ ఆలికీ మధ్య మాట నడుస్తుంటే ఎముక చీకడమే క్షేమమని పెళ్లయిన ఏడాదే నేర్చుకున్నాడు.

అక్కడితో కథ అయిపోవాల్సింది. కాలేదు, ఎందుకంటే హన్నా ఏ పని చేసినా అడుగంటా చేసే మనిషి. కొంపల్లిలో ఆఫీసు, వారంలో సగం రోజులు ఇంటినుంచే పని. భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, పని మధ్యలో ఆ ఊరి సంగతులు వెతికేది. ఏ హోటల్ కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది, ఏ క్లబ్బులో గోల తక్కువ, ఏ వేళకు జనం పలచబడతారు. జనం ఎంతమంది ఉన్నారో నెట్‌లోనే చూసుకోవడానికి అక్కడి ఒడ్డున ఒక కెమెరా ఉందట. దాన్ని తెరిచిపెట్టి, పొయ్యిమీద పాలు పెట్టి స్నానానికి వెళ్లింది ఒకనాడు పొద్దున.

ప్రార్థన ముగించుకుని, ఛాయ్ గ్లాసు పట్టుకుని మరియమ్మ అటుగా వచ్చింది. మనుమరాలు క్రిస్టీనా బడికి తయారై బల్ల దగ్గర నిలబడి ఉంది.

"ఏం సినిమానే ఇది? మనుషులే లేరు."

"సినిమా కాదు నానమ్మ, లైవ్. ఇప్పుడు, గీ నిమిషంల, అక్కడ గట్లనే ఉంది" అని చెప్పి పిల్ల బస్సు కోసం పరుగెత్తింది.

మరియమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది.

తూంకుంటలో అప్పటికే ఎండ చురుక్కుమంటోంది. అక్కడ ఇంకా తెల్లవారుతోంది. ఇక్కడ పొద్దెక్కిపోయిన సూర్యుడే అక్కడ పసిబిడ్డలా ఎర్రగా పైకి వస్తున్నాడు. ఒకే సూర్యుడు, ఒకే నిమిషం. ఈ సంగతి ఆమెకు తెలియక కాదు, బళ్లో చదివిందే. చదవడం వేరు, ఛాయ్ గ్లాసు చేతిలో ఉండగా కళ్లముందు జరగడం వేరు.

ఇక ఆ నీళ్లు. అరవై మూడేళ్ల మరియమ్మ సముద్రం చూడలేదు. నవ్వకండి, మేడ్చల్ దిక్కు పుట్టి పెరిగిన వాళ్లకు సముద్రంతో ఏం పని? ఆమె చూసిన పెద్ద నీళ్లు శామీర్‌పేట చెరువు. ఎంత నిండినా ఆ చెరువుకు అవతలి గట్టు ఉంది. ఆ అలవాటు కొద్దీ మరియమ్మ తెరమీద అవతలి గట్టు కోసం వెతికింది. లేదు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ వెతికింది. నీళ్లు పోయిపోయి ఆకాశానికి తగిలాయి, అంతే. "ప్రభువా" అని మెల్లగా అనుకుంది. అది ప్రార్థన కాదు, నోరు తెరుచుకుంటే వచ్చిన మాట.

అప్పుడే ఆ ఒడ్డుకు ఒక ముసలామె వచ్చింది. నల్ల గౌను, చర్చిలో మన ఆడవాళ్లు వేసుకున్నట్టే తలమీద ముసుగు. చెప్పులు ఇసకలో విడిచింది. గౌనుతోనే నీళ్లలోకి నడిచింది. మోకాలు, నడుము, ఛాతీ. ముసలమ్మ ప్రాణం తీసుకుంటోందేమోనని మరియమ్మ కుర్చీలోంచి సగం లేచింది. ముసలమ్మ మాత్రం వెల్లకిలా వాలి, మన ఇంట్లో మంచం మీద పడుకున్నంత తీరుబడిగా నీళ్లమీద పడుకుంది. నల్ల గౌను చుట్టూ విచ్చుకుంది. మునగలేదు. కదలలేదు. సముద్రం ఆమెను మోసింది.

వంటింట్లో పాలు పొంగి పొయ్యి ఆరిపోయినా మరియమ్మకు తెలియలేదు.

ఎందుకంతగా కదిలిపోయిందో ఎవరికీ చెప్పలేదు గాని మీకు చెబుతాను. మరియమ్మ జన్మలో ఒక్కసారే నీళ్లలో మునిగింది. పద్దెనిమిదేళ్ల వయసులో, శామీర్‌పేట చెరువులో, బాప్తిస్మం నాడు. గట్టుమీద సంఘమంతా పాట పాడుతోంది. పాస్టరు అయ్యగారు వీపుకింద చెయ్యి వేసి ముంచారు. నీళ్లు చెవులమీద మూసుకోగానే పాట ఆగిపోయింది, ఊరు ఆగిపోయింది. అంత నిశ్శబ్దం ఆమె అంతకు ముందు ఎరగదు, ఆ తర్వాతా ఎరగదు. మరుక్షణమే పైకి లేపారు. అందరూ స్తోత్రం అంటుంటే ఆ పిల్లకు మాత్రం ఇంకొంచెంసేపు ఉంచితే బాగుండునని అనిపించింది. పాపమేమోనని భయపడి ఆ మాట మింగేసింది.

ఆ రోజు మొదలు పొద్దుటి ఛాయ్ ల్యాప్‌టాప్ ముందే. ముసలామె రోజూ వచ్చేది, రోజూ పడుకునేది. మరియమ్మ గుడ్లప్పగించి చూసేది. ఆ సంబరం పట్టలేక పక్కింటి పద్మజకు చెప్పింది. పద్మజది కాకినాడ, భర్త బుల్లిబాబు బ్యాంకులో ఉద్యోగి.

"ఏవుందండీ మరియమ్మగారూ, సముద్రంలో" అంది పద్మజ బట్టలు ఆరేస్తూ. "చిన్నప్పుడు రోజూ చూసేవాళ్లం. ఆ ఉప్పుగాలికి కిటికీ ఊచలు తుప్పు పట్టిపోతాయండి."

వజ్రంతో అల్లం దంచుకునే మనిషిని చూసినట్టు చూసింది మరియమ్మ. ఇంట్లోకి వచ్చేసింది. ఆ సాయంత్రమే తేల్చుకుంది. ఎలాగైనా వెళ్లాలి, ఆ నీళ్లమీద ఒక్కసారైనా అలా పడుకోవాలి. పాస్‌పోర్టు ఉండనే ఉంది, సంఘం వాళ్లు యెరూషలేము యాత్రకని చేయించి, ఆ యాత్ర మానుకున్నారు. అడ్డం ఉన్నదల్లా తన నోటి నుంచి వచ్చిన మాట ఒక్కటే. శనివారంలోగా టికెట్లు చెయ్యాలని ఫిన్నీ అంటున్నాడు. అది దాటితే ఇక అంతే సంగతులు.

మర్నాడు చిక్కుడుకాయలు ఒలుస్తున్న కోడలి పక్కన పీట వేసుకుని కూర్చుంది.

"హన్నా, నేను గూడ వస్త."

"ఏడికి అత్తమ్మ?"

"గా సముద్రం కాడికి. క్లబ్బుకు కాదులే. పిల్లను దీస్కొని నేను పొద్దుగాల ఒడ్డుకు కూసుంట."

పంతం విడిచి ఇంత తగ్గి వచ్చినందుకు కోడలు పొంగిపోతుందనుకుంది. హన్నా చేతులు ఆగిపోయాయి. మొహం ఎర్రబడింది. కళ్లనిండా నీళ్లు.

"ఏమైందే?"

"నిజం చెప్తే తిడ్తరు అత్తమ్మ."

"చెప్పకపోయినా తిడ్త. చెప్పు."

"మీరు రానంటరనే గా ఊరు జూసిన" అంది హన్నా తల వంచుకుని. "ఊటీకి పోతే మీరున్నరు. ఇంకేడికి పోయినా మీరున్నరు. పొద్దుగూకంగనే రూముకు రమ్మంటిరి. చలి అంటిరి, కుక్కలంటిరి. పెండ్లయి పదేండ్లాయె, ఆయనతోని ఒక్కదాన్నే కూసొని ఒక్క ఛాయ్ తాగలే. గందుకే మీకు ఏదేది గిట్టదో గదే ఎతికిన. ఎగురుడు, మందు, గా బట్టలు. ముంగట గవే చూపిస్తే మీరే వద్దంటరని."

మరియమ్మకు ముందు కోపం వచ్చింది. ఆ తర్వాత కోపాన్ని తోసుకుని ఏడుపు వచ్చింది. లేచి తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అని పెద్దలు ఊరికే అనలేదు. న్యాయం చెప్పమంటే నేను ఎవరి వైపూ చెప్పలేను. ఊటీలో కోడలు దగ్గుతోందని రాత్రంతా ఆవిరి పట్టించింది ఈ అత్తే. ఆ పిల్లకు మొగుడితో నాలుగు అడుగులు నడిచే వీలు లేకుండా చేసిందీ ఈ అత్తే. తనను వదిలించుకోవడానికి ఇంత తెలివి ఖర్చుపెట్టారా అన్న బాధ మరియమ్మను ముల్లులా గుచ్చింది. ఆ పూట అన్నం సహించలేదు. మరునాడు ల్యాప్‌టాప్ వైపు కన్నెత్తి చూడలేదు.

శనివారం పొద్దున మందుల కంపెనీ డ్యూటీకి బయల్దేరుతూ ఫిన్నీ ఇద్దరి మధ్యా నిలబడ్డాడు. "ఇయ్యాల బుక్ చెయ్యాలె. వస్తవా రావా అమ్మా, ఏదో ఒకటి జల్దీ చెప్పు. నడుమ నన్ను పరేషాన్ చెయ్యకుండ్రి."

"అత్తమ్మకు గూడ చెయ్యి" అంది హన్నా. అని, గది గుమ్మంలోకి వచ్చి, "రాండ్రి అత్తమ్మ. నేను తప్పు జేసిన. ఛాయ్ పెట్టిన" అని చెయ్యి పట్టుకుని బల్ల దగ్గరికి తీసుకొచ్చింది.

ల్యాప్‌టాప్ తెరిచే ఉంది. ముసలామె అప్పుడే నీళ్లలోకి దిగుతోంది. హన్నా ఆమెను చూడటం అదే మొదలు. గొడుగులు, జనం, హోటళ్లు వెతికే మనిషికి పొద్దున వచ్చే ముసలమ్మ ఎందుకు కనిపిస్తుంది? నల్ల గౌను విచ్చుకుని, ఆమె నీళ్లమీద వాలిపోగానే హన్నా నోరు వెళ్లబెట్టింది. ఛాయ్ చల్లారుతున్నా అత్తాకోడళ్లు చూస్తూ కూర్చున్నారు. సూర్యుడు లేచాడు. నీళ్లన్నీ బంగారం అయ్యాయి. ఆ బంగారం నడుమ ఒక చిన్న నల్లటి చుక్క.

అంతలో ఒడ్డుకు ఇంకో ఆడమనిషి వచ్చింది. చేతిలో తువ్వాలు. కూతురో, కోడలో. చెయ్యి ఊపి పిలిచింది. బయటికి రమ్మని, చలి అనీ, చాలనీ చెబుతున్నట్టుంది. ముసలామె తల కాస్త ఎత్తి ఆమెను చూసింది. చూసి, మళ్లీ వెల్లకిలా పడుకుంది.

హన్నా ఫక్కున నవ్వింది. మరియమ్మ నవ్వలేదు. ఒడ్డునున్న మనిషి చేతిలోని తువ్వాలునే చూస్తోంది. ఊటీలో చలి అంటూ కోడలిని పిలిచినప్పుడు తన చేతిలో ఉన్నది శాలువా, అంతే తేడా. ఎంత ప్రేమతో పట్టుకుని నిలబడినా, పిలుపు పిలుపే. నీళ్లలో ఉన్న మనిషికి ఆ కాసేపూ ఎవరూ వద్దు. మొగుడు, బిడ్డ, సంఘం, ఊరు, ఎవరూ. పద్దెనిమిదేళ్ల పిల్లగా తాను మింగేసిన మాట అదే. పక్కన కూర్చున్న ఈ పిల్ల పదేళ్లుగా మింగుతున్నదీ అలాంటి మాటే, తోడు మొగుడొక్కడు చాలని. తనను తాను చూసుకుని మరియమ్మకు సిగ్గేసింది, కోడలిమీద జాలి కలిగింది, రెండూ కలిసి కళ్లు తడిశాయి.

"మీరిద్దరే పోయి రాండ్రి" అంది. "పిల్ల నా తాననే ఉంటది."

"గట్ల కాదు అత్తమ్మ, మీరు గూడ..."

"నేను పోనన్ననా? పోత. మీరు మర్లి వచ్చినంక పోత. ఒక్కదాన్నే."

ఫిన్నీ హెల్మెట్ కిందపెట్టాడు. "ఒక్కదానివే ఎట్ల పోతవమ్మా? సికింద్రాబాద్ దాటి ఒక్కదానివే ఎన్నడన్న పోయినవా? వాళ్ల భాష గూడ రాదు నీకు."

"లంబాడోళ్ల తండాలల్ల ఎన్ని పురుళ్లు పోసిన్నో ఎరుకేనారా నీకు? వాళ్ల భాష నాకొచ్చెనా? పిల్లలు పుట్టకుంట ఆగిండ్రా? నా పింఛను పైసలు నాకున్నయి. ముసలోళ్లకు ఈత నేర్పేటోళ్లు కొంపల్లిల ఉంటరేమో జూడు ముందుగాల."

ఫిన్నీ పెళ్లాం వైపు చూశాడు. హన్నా కళ్లు తుడుచుకుంది. తమ టికెట్ల పేజీ పక్కకు జరిపి, ఇంకో కొత్త పేజీ తెరిచింది. ఈసారి అత్త కళ్లలోకి సూటిగా చూస్తూ అడిగింది.

"ఎన్ని రోజులకు చెయ్యాలె అత్తమ్మ?"

మరియమ్మ తడబడింది. డ్యూటీ రోజులు, సెలవు రోజులు, పురిటి రోజులు, చావు రోజులు, అన్నీ ఎవరో ఒకరు చెప్పినవే. నీకు ఎన్ని రోజులు కావాలని అరవై మూడేళ్లలో ఒక్క మనిషి అడిగిన పాపాన పోలేదు. చల్లారిన ఛాయ్ ఒక్క గుక్కలో తాగేసి గ్లాసు బల్లమీద పెట్టింది.

"ఇల్లు యాదికొచ్చేదాంక అని రాయి" అంది.