చెన్నయ్య సెలూన్‌లో ట్యూబ్‌లైట్

పన్నెండుకు ఇంకా నలభై నిమిషాలు. వికారాబాద్ స్టేషన్ రోడ్డులో అష్రఫున్నీసా దాదాపు పరుగెడుతోంది. చంకలో, కీబోర్డులోనే ఇమిడిన పాతకాలపు హోమ్ కంప్యూటర్. వెనకాల తమ్ముడు కరీముద్దీన్, చేతుల్లో దాని ఫ్లాపీ డ్రైవ్. చూడటానికి రొట్టెల డబ్బా, ఎత్తితే తాండూరు బండ.

1988లో ఆ కంప్యూటర్ మీద ఆమె ఒక ఆట రాసింది. లారీకి బండలెత్తే ఆట. ఇంతవరకూ ఎవరూ నమ్మలేదు. పాత కంప్యూటర్ల ప్రదర్శన పెట్టిన విజయ్‌కుమార్ సారు ఫోన్లోనే తేల్చేశాడు: "పన్నెండులోపల ఆడించి చూపిస్తెనే నమ్ముత మేడం. లేకుంటే టేబుల్ వేరేటోళ్లకిస్త."

తీరా ప్రదర్శన హాల్లో పెడితే డ్రైవ్ ఫ్లాపీ చదవలేదు. పొద్దున తాండూరులో కరీముద్దీన్ దాని చక్రం తిప్పే రబ్బరు బెల్టు కొత్తది వేశాడు, వేగం తప్పింది. అడుగున తిరిగే ఆ చక్రం మీద రెండు వరుసల్లో గీతలుంటాయి. కరెంటు లయకు మినుకుమనే, చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైట్ వెలుగులో అవి నిలబడినట్టు కనిపిస్తే వేగం కుదిరినట్టు. హాలు నిండా ఎల్‌ఈడీలే! అందుకే ట్యూబ్‌లైట్ కోసం ఈ పరుగు.

"ఆపా, గదో ట్యూబ్‌లైటు!"

చెన్నయ్య సెలూన్. ఇద్దరూ దూసుకెళ్లారు.

"అన్నా, జర నీ లైటు కావాలె!"

"లైటా? గడ్డానికి రాలేదా?" అన్నాడు చెన్నయ్య.

కుర్చీలో ముఖం నిండా నురగతో ఉన్న పెద్దమనిషి ఏదో గొణిగాడు. ఎవరూ పట్టించుకోలేదు. ట్రిమ్మర్ ప్లగ్ ఊడింది. గోడ మీది టీవీకి కంప్యూటర్ వైరు తగిలింది. కరీముద్దీన్ డ్రైవ్‌ను పక్కకి దొర్లించి స్క్రూ తిప్పాడు.

"ఆగినయ్ గీతలు!"

ఫ్లాపీ పెట్టారు. గరగర. తెరమీద ఎర్రర్.

పదకొండు యాభై.

"ఏ వరుస చూసినవ్‌రా?"

"బయటిది. సౌదీల, దమ్మాంల ఇరవై ఏండ్లు రిపేర్లకు గదే చూసిన ఆపా!"

"గాడ కరెంటు అరవై హెర్ట్జ్‌రా దీవానా! ఈడ యాభై! గందుకే రెండు వరుసలు. లోపలిది చూడు!"

"మస్తు కోపం మీ అక్కకు," అన్నాడు చెన్నయ్య, కత్తి గాల్లోనే ఉంచి.

కరీముద్దీన్ నాలుక కరుచుకుని స్క్రూ మళ్లీ తిప్పాడు. లోపలి గీతలు వణికాయి, జారాయి, టక్కున నిలిచాయి. డ్రైవ్ గరగర మాని హాయిగా కూసింది.

టీవీలో లారీ వచ్చింది. కింద ఇంగ్లిష్ అక్షరాల్లో: అష్రఫున్నీసా, తాండూరు, 1988.

నురగ పెద్దమనిషి కుర్చీలోంచి లేచాడు. తువ్వాలుతో సగం ముఖం తుడుచుకున్నాడు.

"మేడం, ఫోన్ల మాట్లాడింది నేనే. విజయ్‌కుమార్. జర ఇటియ్యున్రి, ఎట్ల ఆడాలె?"

ఆమె ఆయన్ని మళ్లీ కూర్చోబెట్టి కంప్యూటర్ ఒళ్లో పెట్టింది. ఆయన ఆటలో మూడు బండలు కింద పడేశాడు. చెన్నయ్య ఈల వేశాడు. "తప్పుకో సారూ, నేనెక్కిస్త!"

సరిగ్గా పన్నెండుకు సారు ఫోన్ మోగింది. ఆయన తెర మీంచి కళ్లు తిప్పలేదు.

"హాల్ల అందరు ఎదురు చూస్తున్నరా? చెన్నయ్య సెలూన్‌కు తోల్కరా. ఒకటో నంబర్ టేబుల్ ఈడనే ఉన్నది!"